వేసవిలో స్వెట్టరు

(కౌన్సెలింగ్ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మే నెల మధ్యాహ్నం. మా కేంద్రంలో ఫ్యాను వేగం పెంచబోతుంటే, ఎదురుగా కూర్చున్న పదిహేడేళ్ళ అమ్మాయి "ఆంటీ, ఆపేస్తారా, చలేస్తోంది" అంది. చుడీదారు మీద స్వెట్టరు. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. మనం హింస కేసులు చూసేవాళ్ళం కదా, అలవాటు కొద్దీ "ఎవరైనా ఏమైనా అన్నారా?" అంటూ అరగంట వృథా చేశాను.

ఆమెకున్నది అనొరెక్సియా నెర్వోజా. తిండి తగ్గించుకుంటూ పోయి, ఎముకలు తేలినా ఇంకా తగ్గాలనిపించే జబ్బు. మన దేశంలో కొందరు లావవుతామన్న భయం మాటే ఎత్తరు, కడుపు నిండుగా ఉంది, అరగడం లేదు అంటారు. అందుకే గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి.

ఈమె విషయంలో ఏడాది గడిచింది. ఇంటర్ హాస్టల్లో చేరిన జూన్‌లో 46 కిలోలు. కార్తీకంలో సోమవారాలు ఉపవాసమంటే తల్లి మురిసిపోయింది. తర్వాత శనివారాలూ చేరాయి. చలికాలమంతా స్వెట్టరు ఒంటిని దాచింది. సంక్రాంతికి కట్టించిన అరిసెలు గదిలో పిల్లలకు పంచేసింది. మేనత్తలు "సన్నబడి ఎంత బాగున్నావే" అన్నారు. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక ఇంటికొచ్చి స్వెట్టరు తీస్తే, ఆ చేతులు చూసి తల్లి గుండె గుభేలుమంది. అప్పటికి 35 కిలోలు.

చలికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం కొత్త సంగతి కాదు. అనొరెక్సియా నెర్వోజా అని పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, 1874లో అచ్చయిన వ్యాసంలో, రోగి వెన్ను వెంట వేడినీళ్ళు నింపిన రబ్బరు గొట్టం పెట్టమన్నాడు. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళను 24 వారాలు అర్ధాకలితో ఉంచి చూశారు. జూలై ఎండల్లో కూడా వాళ్ళకు చలి తగ్గలేదు. కాబట్టి చలి ఆడపిల్లల వేషం కాదు, ఆకలిగొన్న ఒంటి లక్షణం. స్పెయిన్‌లో 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో, కేవలం తిండి మానేసే రకం రోగులు చలికాలంలో ఆస్పత్రిలో చేరేటప్పుడు ఎత్తుకు తగ్గ బరువు మరింత తక్కువగా కనిపించింది. కొవ్వు కరిగిన ఒంటికి వేడి నిలుపుకోవడానికే శక్తి ఖర్చవుతుంది. స్పెయిన్ చలి మనకు లేదనుకోండి. మన ఋతువులకు ఉపవాసాలూ, పరీక్షలూ, పెళ్ళి ముహూర్తాలూ అంటుకుని ఉంటాయి.

వేసవి ఇంకో రకంగా మోసం చేస్తుంది. ఆ మే నెలలోనే ఆమె కళ్ళు తిరిగి పడిపోతే ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టారు. మర్నాడు తూకంలో 37. "రెండు కిలోలు పెరిగింది, ఇంటికి తీసుకెళ్ళండి, బాగా తినిపించండి" అన్నారు. లీటరు నీళ్ళంటే కిలో బరువు! అది ఒంటికి పట్టిన కండ కాదు. పైగా నెలల తరబడి మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాట తల్లికి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం అప్పుడు తెలుసా? ఇద్దరం కలిసి పప్పన్నం కలిపి బతిమాలాం.

మళ్ళీ వెళ్ళి వాదిస్తే, నాడి 44 అని చూసి చేర్చుకున్నారు. తూకం మీద అంకె ఒక్కటే చూసి పంపించే పద్ధతిని మనం ఒప్పుకోకూడదు. 2013 నాటి అమెరికా రోగనిర్ధారణ గ్రంథం నెలసరి ఆగి తీరాలన్న షరతు తీసేసింది. బరువు మామూలుగా కనిపించినా బాగా తగ్గిపోయినవాళ్ళకూ అందులో చోటిచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సేవల్లో వైద్యం పొందడం మన హక్కు. సేవల్లో లోపముంటే 28వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయొచ్చు.

ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు కదా అని కిందటిసారి ఒకరన్నారు. ఈ తల్లి బట్టలు కుట్టి బతుకుతుంది. కూతురి జాకెట్టు కొలతలు రాసుకున్న ఆమె నోటుబుక్కే మాకు అన్నిటికన్నా నమ్మకమైన రికార్డయింది.

ఇప్పుడు మేం తూకమొక్కటే అడగం. పోయినేడు ఇదే నెలలో ఎంతుంది, చలి వేస్తోందా, నెలసరి వస్తోందా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా అని అడుగుతాం. తూచేది పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఒకే రకం బట్టల్లో.

ఆమె ప్రస్తుతం 43 కిలోలు. కార్తీకం వస్తోంది. ఈసారి ఉపవాసం తల్లి ఉంటానంది, కూతురికి వద్దని డాక్టరమ్మ చేత కాగితం మీద రాయించుకుంది.