బండి మీద వచ్చిన బడి

 

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మెట్ట ఊళ్లో ఎరువుల మోతాదులు చెబుతున్నాను. వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "అయ్యా, తమరు చెప్పిందంతా బాగుంది. కొనడానికి డబ్బు లేనివాడు ఏం చెయ్యాలో అది కూడా చెప్పండి" అన్నాడు. నేను చదివిన డిప్లొమాలో దానికి జవాబు లేదు. ఆ జవాబు కోసమే బతుకంతా పాటుపడిన ఒక శాస్త్రజ్ఞుడి సంగతి ఈ పూట చెబుతాను.

ఆయన పేరు జార్జి వాషింగ్టన్ కార్వర్. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో, 1864 ప్రాంతంలో, బానిసగా ఉన్న ఒక నల్లజాతి తల్లికి పుట్టాడు. పసితనంలోనే దుండగులు తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు, తల్లి జాడ మరి తెలియలేదు. పెద్దవాడయ్యాక ఒక కాలేజీవారు చేర్చుకుంటామని, తీరా వెళ్లాక ఒంటి రంగు చూసి పొమ్మన్నారు. ఆయన వెనుదీయలేదు. బట్టలుతికి పొట్ట పోసుకుంటూ చదివి, 1896లో అయోవా వ్యవసాయ కళాశాలలో మాస్టరు పట్టా పొందాడు. ఆ ఏడే అలబామా రాష్ట్రంలోని టస్కెగీ విద్యాలయానికి ఉపాధ్యాయుడుగా వెళ్లాడు.

అక్కడ ఏం చూశాడు? ఏటేటా పత్తి మీద పత్తి. నేల సారం పోయింది. దున్నేది నల్లజాతి పాలికౌలుదార్లు. భూమి వారిది కాదు. విత్తనానికీ తిండికీ అప్పే. అప్పిచ్చేవాడికి కావలసింది పత్తి ఒక్కటే. అలాంటి వాడితో బస్తాలు కొనమంటే ఏం లాభం?

అందుకని కార్వర్, అడవిలో రాలిన ఆకునూ, మడుగుల్లోని నల్లమట్టినీ పొలానికి తోలమన్నాడు. పత్తి వేసిన చేలో మరుసటేడు అలసంద, వేరుసెనగ వెయ్యమన్నాడు. ఇంటి తిండికి చిలగడదుంప పెట్టుకోమన్నాడు. పప్పుజాతి పైర్ల వేళ్ల మీది బుడిపెల్లో సూక్ష్మజీవులుంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి. కొనవలసిన పని లేని ఎరువు అది.

రైతు బడికి రాలేడు గనుక బడినే రైతు దగ్గరికి పంపాడు. 1906లో నాగలి, విత్తనాలు, వెన్న చిలికే సరంజామా వేసుకుని ఒక బండి ఊరూరా తిరిగింది. దాన్ని నడిపిన టామస్ కాంబెల్ ఆ ఏడే నల్లజాతివారిలో మొదటి ప్రభుత్వ విస్తరణోద్యోగి అయ్యాడు. మా ఉద్యోగాలకు అలాంటివాళ్లే పెద్దలు.

తరువాత పత్తికి ముక్కుపురుగు పట్టి చేలకు చేలే పోయినప్పుడు చాలామంది వేరుసెనగకు మళ్లారు. పండించినది ఎలా వాడుకోవాలో చెబుతూ 1916లో కార్వర్ 105 వంటకాలతో చిన్న పుస్తకం వేశాడు. 1921లో వేరుసెనగ సుంకం గురించి మాట్లాడమని అమెరికా చట్టసభ సంఘం ఆయనకు పది నిమిషాలిచ్చింది. విన్నకొద్దీ గడువు పెంచుతూ పోయింది.

ఉన్నమాట చెప్పాలి. వేరుసెనగ వెన్న ఆయన కనిపెట్టింది కాదు. ఆయన తయారుచేసిన వందలాది వస్తువుల్లో బజారుకెక్కినవి బహు తక్కువ. ఆయన పాఠం వల్ల కౌలుదారు అప్పూ తీరిపోలేదు, భూమీ చేతికి రాలేదు. అది శాస్త్రం ఒక్కటే చెయ్యగల పని కాదు. కాని 1943లో కన్నుమూసే దాకా, లేనివాడికి పనికొచ్చే శాస్త్రమే ఆయన చేశాడు.

ఇక మన చేనికి వద్దాం. వేరుసెనగ పూతకు వచ్చాక ఒక మొక్క జాగ్రత్తగా తవ్వి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎరుపు డాలు ఉంటే అది పని చేస్తోందన్నమాట. లేకుంటే పైసారి విత్తనానికి రైజోబియం పట్టించండి. ఇంకొక మాట. మనం చెట్టంతా పీకేస్తాం గనుక సారమంతా నేలలో మిగలదు. కట్టె పశువులకు వెయ్యండి, పేడ మళ్లీ ఆ చేనికే చేర్చండి.

ఆనాటి పెద్దాయనకు నేను చెప్పవలసి ఉన్న జవాబు ఇదే. కాస్త ఆలస్యమైంది. సెలవు.