టిల్‌మన్ కాదన్న కాంట్రాక్టు

ప్యాట్ టిల్‌మన్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో అరిజోనా కార్డినల్స్ జట్టు డిఫెన్స్ ఆటగాడు. మూడేళ్లకు 36 లక్షల డాలర్లిస్తామన్నా కాదని 2002లో సైన్యంలో చేరారు. బేస్‌బాల్ ఆడే తమ్ముడు కెవిన్ కూడా ఆయన వెంటే! కారణమేమిటని పత్రికలవాళ్లు అడిగితే టిల్‌మన్ పెదవి విప్పలేదు. ప్రచారం కోసం పాకులాడే ఆటల లోకంలో ఇది వింతే.

అన్నదమ్ములిద్దరూ సైన్యంలోని ప్రత్యేక దళమైన రేంజర్లలో చేరారు, ఇరాక్ వెళ్లారు, ఆ తర్వాత అఫ్ఘానిస్తాన్‌కు. 2004 ఏప్రిల్ 22న అఫ్ఘానిస్తాన్‌లో ప్యాట్ చనిపోయారు, 27 ఏళ్లకే. శత్రువుల కాల్పుల్లో నేలకొరిగారని సైన్యం ప్రకటించింది, సిల్వర్ స్టార్ పతకమిచ్చింది. నిజానికి తగిలినవి సొంత దళం తూటాలే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పింది టీవీల్లో దేశమంతా చూసిన సంతాప సభ ముగిశాకే. తల్లి మేరీ ఊరుకోలేదు. విచారణ మీద విచారణ జరిగింది. 2007లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కెవిన్ స్వయంగా సాక్ష్యం చెప్పారు.