రాజు భోజనము – మన పళ్ళెము

దానియేలు గ్రంథము 1వ అధ్యాయము తెరవండి. రాజు భోజనము వద్దని ఆ యౌవనులు పది దినములు శాకధాన్యములు తిని నీళ్ళు త్రాగారు. వారు వెరచినది అపవిత్రతకే గాని షుగరుకు కాదు, నిజమే. అయినను పళ్ళెము ముందు ఆలోచించారు.

మనమో? బెంజ్ సర్కిల్‌లో ఏ హోటలుకు వెళ్ళినా ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె. పేర్లు మూడు, అన్నిట్లో బియ్యమే. కృష్ణా కాలువల క్రింద వరి పండించినది దేవుడు. తౌడు తీసి తెల్లగా మెరిపించినది మనము. బి1 విటమిను ఎక్కువగా ఉండేది ఆ తౌడులోనే. మిగిలిన కొంచెము కడుగునీళ్ళతో, వార్చిన గంజితో పోతుంది. గత శతాబ్దపు మొదటి సగములో సర్కారు జిల్లాలను బెరిబెరి పీడించినది ఇందువల్లనే. కడుపు నిండినా కాళ్ళు తిమ్మిరెక్కేవి, గుండె నీరసించేది. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ వ్యాధి అరుదు. వడ్లు ఉడికినప్పుడు విటమిను గింజలోనికి దిగుతుంది.

ఇప్పుడు మనలను పీడించేది షుగరు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనము దేశములో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని అంచనా వేసింది. తెల్లన్నమొక్కటే కారణము కాదు. వంశము, కదలని బ్రతుకు కూడా ఉన్నాయి.

ఉపవాస కూడికలకు వచ్చే తల్లులారా, షుగరు మాత్ర మింగి భోజనము మానకండి. చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరునడిగి ఉపవాసముండుట అవిశ్వాసము కాదు.

ఆదివారపు ప్రేమవిందులో అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర ఒక గరిటె పెంచండి. వడ్డించే సహోదరులారా, చాలన్నవారిని మొహమాటపెట్టకండి.