ఫలితం ఊరికి చేరాలి



పర్యావరణ శాస్త్రంలో ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఏదో ఒక ఊరి బోరు నీళ్లు సీసాల్లో పట్టి ప్రయోగశాలకు తెచ్చినవాళ్లే. సీసా మీద ఊరి పేరు, తేదీ, బోరు లోతు రాశారు. ఆ నీళ్లు మీ థీసిస్‌లో ఒక పట్టిక అయ్యాయి. మరి ఆ ఊళ్లో నీళ్లు తాగేవాళ్లకు ఏం తెలిసింది? ఈ రోజు నేను మాట్లాడేది దీని గురించే.

మన నేలలో ఫ్లోరైడ్ కొత్త సంగతి కాదు. 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి వైద్య పత్రికలో రాసింది. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీరు రాతిని అంటిపెట్టుకుని ఎంతకాలం ఉంటే అంత ఎక్కువగా దిగుతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు సరేననీ మన ప్రమాణాలు చెబుతాయి. గార పళ్లతో బడికి వెళ్లే పిల్లలకూ, వంగిన కాళ్లతో నడవలేని పెద్దలకూ ఆ అంకె ఎవరు చెప్పారు?

నల్లగొండ జిల్లా పేరుతోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని రూపొందించారు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, మడ్డి దిగాక పైన తేరిన నీరు వాడుకోవాలి. చవకైన, తెలివైన పద్ధతి. అయితే నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగు మడ్డిని జాగ్రత్తగా ఒక చోట పారబోయాలి, రోజూ ఈ పని చేసే మనిషికి జీతం దొరకాలి. ఊళ్లో యంత్రం పెట్టడం కన్నా దాన్ని నడపడమే కష్టమైన పని, మన పరిశోధనా పత్రాల్లో దానికి చోటు తక్కువ. చివరికి కృష్ణా నది నీరు పైపుల్లో రావడమే చాలా ఊళ్లకు అసలైన ఊరట అయింది.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు సంగతి కూడా చూడండి. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకునే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. పైరు పాడవుతోందని నక్కవాగు పక్క రైతులు అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొరపెట్టుకున్నారు, వాళ్ల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంత దగ్గర్లో విశ్వవిద్యాలయాలు ఉండగా వాళ్ల మాటకు తోడు నిలిచే అంకె అంత ఆలస్యంగా, అంత దూరం నుంచి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే మీకు ఒక పని చెబుతాను. మీ థీసిస్ నుంచి ఒక్క పేజీ తెలుగులో రాయండి: ఏ బోరు తాగడానికి పనికొస్తుంది, ఏది బట్టలుతకడానికే, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలి. దాన్ని సర్పంచ్‌కు, ఏఎన్‌ఎంకు, బడి మాస్టారికి చేతికివ్వండి, వాళ్లు అడిగే ప్రశ్నలకు అక్కడే కూర్చుని జవాబు చెప్పండి. వచ్చే ఏడాది నుంచి ఆ పేజీ అందినట్టు పంచాయతీ ముద్ర ఉంటేనే థీసిస్ స్వీకరించాలని ఉపకులపతి గారిని ఈ వేదిక మీదే కోరుతున్నాను.