అమెరికా దేశమున వేతనము – పనిగంటల చట్టము
(ఉపన్యాస పాఠము)



నేడు అనేక తెలుగు కుటుంబములకు అమెరికాతో సంబంధము కలదు. కుమారుడో కుమార్తెయో అచ్చట కొలువు చేయుచుందురు. కొందరు హోటళ్లు, దుకాణములు నడుపుచు తామే యజమానులై యుందురు. అచ్చటి జీతపు లెక్కకు మూలమైన చట్టమును ఎరిగినవారు మాత్రము అరుదు. ఎరుగమి వలన పనివానికి కూలి నష్టము. యజమానికి కోర్టు వ్యాజ్యము.

ఆ చట్టము ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ ఆక్టు. ఆర్థిక మాంద్యము దేశమును క్రుంగదీసిన దినములలో, కార్మిక మంత్రిణి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పట్టుదల తోడుగా రూపొంది, 1938 జూన్ 25న అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకమును పొందినది. ఆరంభమున కనీస వేతనము గంటకు 25 సెంట్లు. వారమునకు 44 గంటలు. 1940 నాటికి ఆ గంటలు 40కి దిగినవి. కాంగ్రెసునకు ఇట్టి శాసనాధికారము లేదను వాదమును సుప్రీం కోర్టు 1941లో డార్బీ వ్యాజ్యమున త్రోసివేసెను. ఫెడరల్ కనీస వేతనము 2009 జూలై నుండి 7.25 డాలర్లు. రాష్ట్రము అంతకంటె హెచ్చు నిర్ణయించినచో ఆ హెచ్చు మొత్తమునే ఈయవలెను.

ఈ చట్టము వయోజనులను 40 గంటలకు మించి పనిచేయరాదని నిషేధింపలేదు. మించిన ప్రతి గంటకును ఒకటిన్నర రెట్లు ఇమ్మని శాసించినది. అధిక శ్రమ ఖరీదైనచో యజమాని మరియొకనికి పని కల్పించునని శాసనకర్తల యూహ. భారతదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల హద్దు నిర్ణయించి, అధిక కాలమునకు రెట్టింపు కూలి విధించెను.

ఒక లెక్క చూడుడు. గంటకు 10 డాలర్ల కూలి గలవాడు ఒక వారము 30, మరు వారము 50 గంటలు పనిచేసెననుకొందము. రెండును కలిపి సగటు 40 యని చెప్పి ఓవర్‌టైము ఎగవేయుట చెల్లదు. ఏ వారము లెక్క ఆ వారమునకే. రెండవ వారమున 40 గంటలకు 400, తక్కిన 10 గంటలకు 150, వెరసి 550 డాలర్లు రావలెను. యజమాని కోరకున్నను, ఎరిగియుండి చేయనిచ్చిన పనియు పనియే.

నెలజీతగాండ్రందరకు ఓవర్‌టైము లేదనుటయు భ్రమయే. నిర్వాహకులు, వృత్తినిపుణులు మున్నగువారికి మినహాయింపు కలదు. కాని దానికి వారి నిజమైన విధులు, నియమిత జీతము ఆధారములు. మేనేజరను బిరుదు చాలదు. హెచ్-1బి వీసాపై వెళ్లినవారికి వేరొక రక్షణ కలదు: ప్రాజెక్టు లేదను కారణమున కొలువునందున్న వానిని జీతము లేక కూర్చుండబెట్టరాదు.

యజమాని జీతపు పద్దులను మూడేండ్లు భద్రపరుపవలెను. పద్దులు సరిగా లేనిచో, పనివాడు చూపు సహేతుకమైన అంచనాయే సాక్ష్యము కాగలదని 1946లో మౌంట్ క్లెమెన్స్ పాటరీ వ్యాజ్యమున సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. బాకీ వేతనముతో పాటు సాధారణముగా అంతే మొత్తము పరిహారముగా చెల్లింపవలసి వచ్చును. దావాకు గడువు రెండేండ్లు. యజమాని బుద్ధిపూర్వకముగా అతిక్రమించినచో మూడేండ్లు. ఫిర్యాదు చేసినందులకు పనినుండి తొలగించుట నేరము.

కావున దూరదేశమున నున్న బిడ్డలకు పెద్దలు వ్రాయు క్షేమసమాచారములలో ఈ మాటయు చేర్చుట మేలు: వచ్చిన వేళ, పోయిన వేళ ఏనాటికానాడు స్వహస్తముతో వ్రాసికొనవలెను, జీతపు చీటీలు దాచుకొనవలెను. యజమానులైన వారికిని ఇదే హితవు. పద్దు సరిగా నున్న చోట కూలివానికి అన్యాయము జరుగదు, యజమానికి భయముండదు.