న్యాయస్థానముల మెట్లు

పంచాయతీ సభ్యులారా!

మన న్యాయస్థానములు మెట్లవలె నున్నవి: జిల్లాలోని సివిల్ కోర్టులు, వానిపై జిల్లా కోర్టు, ఆపై హైకోర్టు, అన్నిటికిని పైన సుప్రీంకోర్టు. క్రింది తీర్పు అన్యాయమని తోచినవారు చట్టము ననుసరించి పై కోర్టుకు అప్పీలు చేసికొనవచ్చును. సుప్రీంకోర్టు నిర్ణయించిన న్యాయసూత్రమునకు దేశమందలి కోర్టులన్నియు బద్ధములని రాజ్యాంగపు 141వ అధికరణము తెలుపుచున్నది.

అయితే, ఈ మెట్లెక్కుటకు డబ్బు లేక, సరిహద్దు తగవులో పొలము వదలుకొను పేదరాలి గతి యేమి? 1987 నాటి చట్టము ప్రకారము, వ్యాజ్యమునకు తగిన ఆధారమున్నచో, స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ వకీలును ఏర్పాటుచేయును.

లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చును. కాని ఆ తీర్పుపై అప్పీలు లేదు. కావున ఇష్టములేని రాజీకై ఎవరినీ ఒత్తిడి చేయరాదు. మనము తీర్పరులము కాము, దారి చూపువారము.