నర్సింగ్ సీటు వచ్చింది, మరి ఖర్చు?

నర్సింగ్‌లో సీటు రాగానే ఇంటిల్లిపాదీ ఫీజు లెక్క వేస్తారు. నడ్డి విరిచేది మాత్రం హాస్టలు, మెస్సు, యూనిఫాం, ఆస్పత్రి డ్యూటీకి బస్సు చార్జీలు. తెలంగాణలో అర్హులైన విద్యార్థులు ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేస్తే ఫీజుకు ఆర్టీఎఫ్ (ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్), బతుకు ఖర్చులకు ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీజు) అందుతాయి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసుకోండి. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. హాజరు 75 శాతం కన్నా తగ్గకూడదు.

ప్రభుత్వం ఇచ్చే ఆ డబ్బు ఆలస్యంగా రావడం కొత్తేమీ కాదు. అధిక వడ్డీకి అప్పు తెచ్చేముందు విద్యారుణం కోసం బ్యాంకు గడప తొక్కండి. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు, హాస్టలు ఖర్చునూ అందులో చూపించవచ్చు. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చేరకముందే కనుక్కోండి.